షాక్ చికిత్స అయిపోయాక ఏమి వాడబోతున్నారు?

విజయనగరం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది: తమ్ముడికి రెండు రకాల మందులు నెలల తరబడి వాడినా డిప్రెషన్ తగ్గలేదు. టీఎంఎస్ (తల దగ్గర అయస్కాంత యంత్రం పెట్టి చేసే చికిత్స) అని ఒకరు, కెటమిన్ (మత్తుకు వాడే మందు) అని ఒకరు, షాక్ చికిత్స (ఈసీటీ) అని మరొకరు చెబుతున్నారు. అన్నీ కలిపి ఒకేసారి చేయిస్తే త్వరగా కోలుకుంటాడా?

నేను డాక్టర్‌ను కాను. కవిటి మండలంలో ఉండే మా పెద్దన్నయ్య ఇదే జబ్బుతో మంచం పట్టి లేచాడు. ఆయనను వెంటబెట్టుకుని విశాఖపట్నం తిరిగింది నేనూ మా వదినా. కలపడం మంచిదే, కానీ అన్నీ ఒకేసారి మనిషి మీద కుమ్మరించకూడదు. ఏది ముందో ఏది తర్వాతో వరుస ఉండాలి. షాకులు అయిపోయిన మర్నాటి నుంచి ఏమి వాడాలో మొదటి షాక్‌కు ముందే తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది ఇళ్ళలో మునిగిపోతున్నారని నా గట్టి నమ్మకం.

2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మావీ పోయాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది కాబట్టి ఊరంతా దిగులుగానే ఉంది. అందుకే అన్నయ్యది జబ్బని ఎవరికీ తోచలేదు. "చెట్లు పోయినవాడికి దిగులు ఉండదా?" అన్నారు. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వానలో తడిసి వచ్చిన జ్వరమని మందు వేయడం మానేస్తామా? పక్క తోటలవాళ్ళు మెల్లగా తేరుకుని మొక్కలు నాటుకున్నారు. అన్నయ్య తిండి మానేశాడు, స్నానం మానేశాడు. పేగులు కుళ్ళిపోయాయని, తన వల్లే ఇల్లు నాశనమైందని రాత్రంతా గొణుగుతూ కూర్చునేవాడు. శ్రీకాకుళంలో రాసిన మొదటి మందూ పనిచేయలేదు, రెండోదీ పనిచేయలేదు. చివరికి సోంపేటలో రైలెక్కించి విశాఖ తీసుకువెళ్ళాం.

అక్కడి డాక్టర్ గారు ముందు పాత చీటీలన్నీ బల్ల మీద పరచమన్నారు. ఏ మందు ఎంత మోతాదులో, ఎన్ని వారాలు వాడామో అడిగి రాసుకున్నారు. అర మాత్ర పది రోజులు వేసి మానేస్తే ఆ మందు వాడినట్టు కాదన్నారు. మీ తమ్ముడి విషయంలోనూ ముందు ఇది చూడండి, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. నిద్ర పట్టడానికి మందుల షాపులో అడిగి తెచ్చి వేస్తున్న ఆల్ప్రజోలం సంగతి వదిన చెప్పగానే ఆయన కలం ఆగిపోయింది. షాక్ చికిత్సలో పనిచేసేది మెదడులో వచ్చే మూర్ఛ. ఆ నిద్ర మాత్ర మూర్ఛను అణిచేస్తుంది. అలాగని ఉన్నట్టుండి ఆపితే అదీ ప్రమాదమే కాబట్టి ఆయనే కొద్దికొద్దిగా తగ్గించారు. చీటీ లేకుండా ఈ మాత్రలు అమ్మేవాళ్ళను ఏమనాలో నాకు తెలియడం లేదు.

తర్వాత ఆయన ఫైలు మీద చిరునామా చదివారు. "కవిటి అంటే ఉద్దానమే కదా?" అన్నారు. అవునన్నాం. "షాకులతో మనిషి లేస్తాడు. లేచినవాడు మళ్ళీ పడకుండా లిథియం ఇద్దామనుకుంటున్నాను. మీది ఉద్దానం కాబట్టి క్రియాటినిన్ చూశాకే ఆ మాట" అన్నారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష అది. లిథియం శరీరం నుంచి బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. అవి సరిగా లేకపోతే మందు రక్తంలో పేరుకుపోయి విషమవుతుంది. మా ప్రాంతంలో ఎందరినో పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, ముదిరేదాకా బయటపడకపోవడం దాని గుణం. వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళ నాన్న డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. ఆ భయంతో ఆవిడ ఇంట్లో ఉప్పు బాగా తగ్గించేసింది, అన్నయ్యకు పోసే చోడి (రాగి) అంబలిలో అసలు వేయడమే లేదు. అది విని డాక్టర్ గారు మరో మాట చెప్పారు: లిథియం మొదలయ్యాక ఉప్పు ఒక్కసారిగా తగ్గించినా, ఎండలో నీళ్ళు తాగకుండా తిరిగినా మందు శాతం పెరిగిపోతుంది. రోజూ ఒకేలా తినాలి. రిపోర్టు వచ్చింది, క్రియాటినిన్ మామూలుగానే ఉంది. వదిన ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

షాక్ అనగానే సినిమాల్లో మనిషిని కట్టేసి కరెంటు పెట్టే దృశ్యమే మన వాళ్ళకు గుర్తొస్తుంది. మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే నిషేధించింది. పొద్దున్నే పరగడుపున లోపలికి తీసుకువెళ్ళేవారు, కాసేపటికి నిద్రకళ్ళతో బయటికి తెచ్చేవారు. కొన్ని షాకులు అయ్యాక ఒక సాయంత్రం అంబలి చప్పగా ఉందని విసుక్కున్నాడు. అన్నయ్య నోటికి రుచి తెలియడం మేము మళ్ళీ చూసింది అప్పుడే. ఆ వారాల జ్ఞాపకాలు కొన్ని పోయాయి, తిరిగి రాలేదు. ఈ నష్టం ఉంటుందని ముందే చెప్పారు, మీకూ చెబుతున్నాను.

ఇక చుట్టాలు మొదలుపెట్టారు: "బాగానే ఉన్నాడు కదా, ఇంకా మందులెందుకు?" అరసవల్లి మొక్కు తీర్చుకోమన్నారు. మొక్కు తీర్చుకున్నాం, మందు మాత్రం ఆపనివ్వలేదు. అమెరికాలో షాక్ చికిత్సతో కోలుకున్నవారిని ఆరు నెలలు గమనించిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 84 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు ఒక్కటే వాడినవారిలో 60 శాతం, దానికి లిథియం కలిపినవారిలో 39 శాతం. కలపడం అని మీరు అడిగినదానికి ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు. ఇక్కడా వరుస ముఖ్యం. షాకులు నడుస్తుండగా లిథియం ఉంటే మనిషి అయోమయంలో పడే ప్రమాదం ఉంది కాబట్టి అన్నయ్యకు షాకులన్నీ ముగిశాకే మొదలుపెట్టారు.

లిథియం వాడేవారి ఇంట్లో ఒకరు కాపలా ఉండాలి. లిథియం శాతం చూడడానికి, రాత్రి మాత్ర వేసుకున్నాక పన్నెండు గంటలు గడిచాక రక్తం తీయాలి. ల్యాబు కుర్రాడు "ఎప్పుడైనా పరవాలేదు" అంటే నమ్మకండి. నొప్పుల మాత్రలతో ఇంకా జాగ్రత్త. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి లిథియం శాతాన్ని పెంచుతాయి, కిడ్నీలకూ మంచివి కావు. అన్నయ్యకు నడుము నొప్పి వస్తే మా ఊరి ఆర్‌ఎంపీ ఏ మందులు వాడుతున్నావని కూడా అడగకుండా సూది నింపాడు. వదిన చేయి అడ్డుపెట్టింది. కిడ్నీ జబ్బుతో ఊళ్ళు ఖాళీ అవుతున్న చోట కూడా ఈ సూదులు ఆగడం లేదంటే కడుపు తరుక్కుపోతుంది.

మీరు అడిగిన మిగతా రెండింటి గురించి. కెటమిన్‌ను షాక్ చికిత్సతో పోల్చిన పెద్ద అమెరికా అధ్యయనం 2023లో వచ్చింది. భ్రమలు లేని మొండి డిప్రెషన్‌లో కెటమిన్‌తో 55 శాతం మందికి, షాక్‌తో 41 శాతం మందికి గుణం కనిపించింది. కాబట్టి మీ తమ్ముడికి భ్రమలు లేకపోతే కెటమిన్ మాట తప్పక అడగండి. పేగులు కుళ్ళాయనే మా అన్నయ్య లాంటివారిని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. టీఎంఎస్‌కు మత్తు అక్కర్లేదు, జ్ఞాపకం పోదు. కానీ వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్ళాలి. కవిటి నుంచి విశాఖకు అలా ఎవరు తిరగగలరు? విజయనగరం వాళ్ళకు కాస్త నయం. చేయిస్తే అదే రోజుల్లో సైకాలజిస్టుతో మాట్లాడించండి. నా దృష్టిలో యంత్రానికి యంత్రం కలపడం కంటే ఇదే మంచి జోడీ.

మీ తమ్ముడు తిండీ నీళ్ళూ మానేసినా, చనిపోతానన్న మాట ఎత్తినా ఇవేవీ బేరీజు వేస్తూ కూర్చోకండి. ఆ రోజే షాక్ చికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఒంటరిగా వదలకండి. ఎటు పోవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, రాత్రి పగలు తేడా లేదు, తెలుగులోనే మాట్లాడతారు.