బుజ్జికి, ప్లాటినం కార్డు విషయమై

చెన్నై,
ఆదివారం.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మొన్న ఫోను చేసి గంటసేపు నీ సంగతే చెప్పింది. సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో విమానం ఎక్కడం, ముంబైలో మూడు రాత్రులు హోటల్, గురువారం రాత్రికి మళ్లీ ఇల్లు, ప్రతివారం ఇదే వరసట కదా. వింటూంటే కడుపు నిండిపోయింది. మీ అమ్మమ్మ సెంట్రల్ స్టేషన్లో ఎస్కలేటర్‌కు భయపడి మెట్ల దారి వెతుక్కునేది. ఆవిడ మనవరాలు ఇప్పుడు ఏ గేటు ఎటుందో కళ్లు మూసుకుని చెబుతుంది! అంతలోనే మీ అమ్మ, "ఈ ఏడాది ఎలాగైనా హోటల్లో ప్లాటినం, విమానంలో గోల్డ్ సంపాదిస్తానంటోంది" అంది. అక్కడ గతుక్కుమన్నాను. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో చెబితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు, తెలుసు.

నా ఉద్యోగమంతా ఇదే ఊళ్లో ఒక కంపెనీ ట్రావెల్ డెస్కులో గడిచింది. ఊళ్లు తిరిగింది వాళ్లు, తిప్పింది నేను. ఎక్కువగా తిరిగేవాళ్లకు హోటళ్లు, విమాన సంస్థలు మెట్టుమెట్టుగా ఇచ్చే ఈ కార్డుల పిచ్చి ఎవరికి ఎలా పట్టుకుంటుందో, పట్టుకున్నాక ఎంతదాకా లాక్కెళ్తుందో దగ్గర నుంచి చూశాను.

నీకు తెలిసిన సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. హోటల్ ఒకే చెయిన్, విమానం ఒకే సంస్థ. మెంబర్‌షిప్ నంబరు బుకింగులోనే పడాలి, కౌంటర్ దగ్గర గుర్తొచ్చి చెప్పడం కాదు. పాయింట్లు ఖాతాలో పడేదాకా బోర్డింగ్ పాస్, బిల్లు పారేయకు. ఆ పాయింట్లను సొంతానికి వాడుకోవడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి తెలుసుకో.

ఒక్క ముక్కలో తేలనిది నీ పేరు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫారం నింపేటప్పుడు ఒకరు ఇంటిపేరును మొదటి గడిలో రాస్తారు, ఇంకొకరు ఒక్క పొడి అక్షరంతో సరిపెడతారు. పాస్‌పోర్టులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, మెంబర్‌షిప్‌లో మరోలా ఉంటే కంప్యూటర్ లెక్కలో నువ్వు ముగ్గురు మనుషులు. మా ఆఫీసులో ఒకాయన ఇంటిపేరు ఎంత పొడుగంటే టికెట్ మీద పట్టక సగంలో తెగిపోయేది. ఆయనకు రావాల్సిన మైళ్ల కోసం, అంటే విమానంలో తిరిగినందుకు దక్కే పాయింట్ల కోసం, నేను రాసిన ఉత్తరాలు కలిపి కుడితే ఒక పుస్తకం అవుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అన్నిచోట్లా అలాగే పెట్టు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటావా లేదా అన్నది నీ ఇష్టం. మార్చుకుంటే మాత్రం పాస్‌పోర్టు, ఎయిర్‌లైన్, హోటల్ అన్నింట్లోనూ మార్చాకే టికెట్ కొను. పెళ్లి మాట ఎత్తానని మూతి ముడుచుకోకు. నేను చెబుతున్నది టికెట్ సంగతే.

ఈ మైళ్ల వ్యవహారాన్ని 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. అది మన ఆఫీసుల దాకా వచ్చేసరికి ఇంకా కాగితం టికెట్ల కాలమే. టికెట్ వెనక ఎర్ర కార్బన్ ఉండేది. సాయంత్రానికి వేళ్లు, చీర కుచ్చిళ్లు అన్నీ ఎర్రబడేవి. మైళ్లు పడలేదంటే బోర్డింగ్ పాస్ ముక్కలను గుండుసూదితో గుచ్చి పోస్టులో పంపేవాళ్లం. 2008 మే ఆఖరుతో ఆ కాగితం టికెట్లు పోయాయి. సరిగ్గా దానికి వారం ముందు, మే 24న, బెంగళూరు విమానాలు పాత హెచ్ఏఎల్ విమానాశ్రయం నుంచి ఊరి బయట దేవనహళ్లికి మారాయి. ఆ రోజుల్లో నా బల్ల మీద ఫోను ఆగితే ఒట్టు. "అంత దూరం ఎలా వెళ్తామండీ" అని అందరూ నన్నే తిట్టారు, విమానాశ్రయం నేనే కట్టించినట్టు. ఆ దూరం ఇప్పుడు నన్నూ భయపెడుతోంది. దాని సంగతి తర్వాత.

నువ్వు పట్టుకున్నది మారియట్ హోటళ్ల మెంబర్‌షిప్, బాన్వాయ్ అట కదా. అందులో 10 రాత్రులకు సిల్వర్, 25కు గోల్డ్, 50కి ప్లాటినం, 75కు టైటానియం. వారానికి మూడు రాత్రులైతే 17 వారాల్లో 50 దాటేస్తాయి. పండగలు, సెలవులు, ఇంటి నుంచి చేసే పని తీసేసినా ఏడాదిలో ప్లాటినం తనంతట తానే వచ్చి ఒళ్లో పడుతుంది. దానికి ఇంత పంతం దేనికి? హయాత్ హోటళ్లలో పై మెట్టు గ్లోబలిస్ట్‌కు 60 రాత్రులు, అదీ నీకు అందేదే. అందుకని ఏ చెయిన్ గొప్పదని చూడకు. మీ క్లయింటు ఆఫీసుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఏది ఉందో చూడు. ముంబై ట్రాఫిక్‌లో రోజూ గంటన్నర కూర్చుని తెచ్చుకునే పాయింట్లు మనకు వద్దు.

గోల్డ్ అన్న పేరు చూసి సంబరపడకు. అక్కడ గోల్డ్‌కు ఉదయం టిఫిన్ లేదు. పాతిక శాతం ఎక్కువ పాయింట్లు, ఖాళీ ఉంటే మధ్యాహ్నం రెండింటి దాకా గది, చెప్పుకోదగ్గవి అంతే. ప్లాటినం వచ్చాక చాలా బ్రాండ్లలో టిఫిన్ ఉంటుంది, రిసార్టుల వంటివి తప్పిస్తే సాయంత్రం నాలుగింటి దాకా గది ఉంటుంది. నీకు నిజంగా పనికొచ్చేది ఆ నాలుగు గంటల సౌకర్యమే. గురువారం మీటింగ్ ముగించుకుని వచ్చి, స్నానం చేసి, కాసేపు నడుం వాల్చి విమానానికి వెళ్లొచ్చు. సూట్ గది మాట మాత్రం మరిచిపో. నిబంధనల్లో "ఖాళీని బట్టి" అని ఉంటుంది. ఆఫీసుల మధ్య ఉన్న హోటళ్లు మంగళ, బుధవారాల్లోనే కిటకిటలాడతాయి, నువ్వు దిగేదీ అప్పుడే.

విమానంలో గోల్డ్ అంత తేలిక కాదు. ఎయిరిండియా 2014లో స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో చేరింది. వాళ్ల మెంబర్‌షిప్ ఒకప్పటి ఫ్లయింగ్ రిటర్న్స్, ఇప్పటి మహారాజా క్లబ్, అందులో గోల్డ్ ఉంటే రేపు సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లోనో లుఫ్తాన్సాలోనో వెళ్లినా విమానాశ్రయంలో కూర్చుని తినడానికి లాంజ్, అదనపు సామానుకు వీలు దొరుకుతాయి. కానీ 2024 నుంచి అక్కడ పాయింట్లు ఎంత దూరం ఎగిరావని కాదు, టికెట్‌కు ఎంత పెట్టావని. ఆఫీసువాళ్లు చూసి చూసి కొనే చవక టికెట్‌కు రాలేవి ఎన్ని? ఇండిగో వాళ్ల మెంబర్‌షిప్ బ్లూచిప్ 2024లో వచ్చింది. ఆ సంస్థ ఏ అలయన్స్‌లోనూ లేదు గాని, దేశంలో ఎక్కువ విమానాలు వాళ్లవే. దేశం లోపల తిరిగే మనిషికి కార్డు రంగు కన్నా విమానం వేళ ముఖ్యం.

ఇక మీ పెదనాన్న కథ. పక్క గదిలోనే ఉన్నారు. "అది మాత్రం రాయకు" అని ఇందాకే అన్నారు. రాస్తున్నాను.

ఆయన అమ్మకాల విభాగంలో ఉండగా నెలలో సగం రోజులు బయట ఊళ్లలోనే. ఒక డిసెంబరు ఆఖరుకు హోటల్ కార్డులో పై మెట్టుకు రెండు రాత్రులు తక్కువ పడ్డాయి, ప్రయాణాలేమో మిగల్లేదు. ఏం చేశారో తెలుసా? మేం అప్పుడు వెస్ట్ మాంబళంలో ఉండేవాళ్లం. అన్నా సాలైలో అదే చెయిన్ హోటల్లో గది తీసుకున్నారు. నాతో, "మీటింగ్ ఉంది, రాత్రి బాగా ఆలస్యమవుతుంది, అక్కడే పడుకుంటాను" అన్నారు. కంపెనీలకు గదులు బుక్ చేసి బతికే మనిషికి చెప్పాల్సిన అబద్ధమా అది? డిసెంబరు 30న ఎవరికి మీటింగ్? నేను నోరెత్తలేదు. సాయంత్రం క్యారియర్ కట్టాను. కింద గిన్నెలో అన్నం, పైన గుత్తి వంకాయ, ఆ పైన పెరుగు. ఆటోలో వెళ్లి రిసెప్షన్‌లో ఇచ్చి, ఫలానా వారికి ఇంటి నుంచి వచ్చిందని చెప్పమని తిరిగి వచ్చేశాను. తొమ్మిదింటికి ఫోను మోగింది. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చివరికి, "కూర బాగుంది" అన్నారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. జనవరిలో చూసుకుంటే ఆ రెండు రాత్రులూ లెక్కలోకి రాలేదు. నన్నడగడానికి మొహం చెల్లక, కొన్ని వందలు తక్కువని ఏదో ట్రావెల్ సైటులో బుక్ చేశారు. బయటి సైట్లలో తీసుకున్న గదికి మామూలుగా పాయింట్లూ రావు, రాత్రులూ పడవు. పెద్ద చెయిన్లన్నింటి పద్ధతీ దాదాపు ఇదే. నాకు ఒక్క మాట చెబితే అర నిమిషంలో తేల్చేదాన్ని. ఆయన ఈమెయిళ్లు రాశారు, మేనేజరుతో వాదించారు, ఏమీ కాలేదు.

డబ్బు పోయిందని కాదు నా బాధ. చేజారిన ఆ మెట్టు ఎలాగైనా ఎక్కాలని మరుసటి ఏడాదంతా ఆయన తిరిగిన తిరుగుడు చూడాల్సింది. ఫోనులో తేలిపోయే పనికి పెట్టె సర్దేవారు. నేరుగా విమానం ఉండగా ఇంకో ఊరి మీదుగా టికెట్ తీయమనేవారు. లాంజ్‌లో ఊరికే పెడుతున్నారు కదా అని రాత్రి పదకొండింటికి గులాబ్ జామ్ తినేవారు. మెట్టు ఎక్కారు. ఆ వేసవిలోనే రక్త పరీక్షలో షుగర్ బయటపడింది. నిద్ర ఎలా ఉంటోందని డాక్టరు అడిగితే ఈయన నా మొహం చూశారు, నాకేం తెలుస్తుంది? ఇంట్లో పడుకుంటే కదా!

ఆయనది మన రక్తం కాదు, నిజమే. మీ తాతయ్యకు షుగర్ ఉండేది, నాకు ఉంది, మీ అమ్మ అంచు మీద ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, విసుక్కోకు తల్లీ. ఉదయం హోటల్ టిఫిన్ సుబ్బరంగా తిను, ఇడ్లీ, గుడ్లు, పండ్లు. రాత్రి లాంజ్‌లో మిఠాయిల బల్ల వైపు చూడకు. వారంలో ఒక్క రాత్రయినా తొమ్మిదిన్నరకే దీపం ఆర్పెయ్.

తెల్లవారుజాము క్యాబ్ తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు. మీ బెల్లందూరు ఎక్కడ, దేవనహళ్లి ఎక్కడ! ఆరు గంటల విమానానికి మూడింటికి రోడ్డు మీద ఉండాలి. పొద్దెక్కాక ఉండే విమానం అడుగు, మీటింగును ఒక గంట జరపమని అడగడం నేరం కాదు. మీ దారిలో విమానాశ్రయానికి వెళ్లే వాయు వజ్ర బస్సు ఉంటే అదే ఎక్కు. క్యాబ్ అయితే బండి నంబరు మీ అమ్మకూ నాకూ పంపు, ఎంత అర్ధరాత్రయినా సరే. హోటల్ కౌంటర్లో గది నంబరు నలుగురికీ వినబడేలా పైకి చదివితే, మొహమాటపడకుండా ఇంకో గది ఇవ్వమను. మంచి హోటళ్లలో కాగితం మీద రాసి చూపిస్తారు. ఇలాంటివి అడిగేటప్పుడే నీ కార్డు విలువ: లిఫ్టుకు దగ్గర గది, విమానం ఆలస్యమై అర్ధరాత్రి దాటి చేరినా నీకోసం ఉంచిన గది, విమానం రద్దయిన రోజు తొందరగా ఎత్తే ఫోను. ప్రతివారం అదే హోటల్లో దిగితే రిసెప్షన్‌లో అమ్మాయిలకు నీ మొహం గుర్తుంటుంది. వాళ్ల పేర్లు నువ్వూ గుర్తుపెట్టుకో. ప్లాటినం వాళ్లు రోజుకు ఎందరో వస్తారు, పేరు పెట్టి పలకరించేవాళ్లు తక్కువ.

పాయింట్లు కూడబెట్టకు. వాటికి వడ్డీ రాదు, పైగా విలువ కరుగుతుంది. మారియట్ 2022లో ఉచిత గదికి ఇన్ని పాయింట్లని చెప్పే స్థిరమైన పట్టికను తీసేసింది, ఇప్పుడు తేదీని బట్టి రేటు. ఖాతాలో రెండేళ్లు కదలిక లేకపోతే ఉన్నవి కూడా పోతాయి. ఏడాదికోసారి మీ అమ్మానాన్నలను ఎక్కడికైనా తీసుకెళ్లు. "సత్రం ఉండగా హోటల్ దేనికి" అంటారు మీ నాన్న. అడక్కుండా బుక్ చెయ్, వెళ్లాక టిఫిన్ దగ్గర ఆయనే అందరికన్నా ముందుంటారు.

చెన్నైలో పని పడితే మాత్రం హోటల్లో దిగావో, క్యారియర్ పంపను, నేనే వచ్చి కూర్చుంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. పాయింట్లు ఎక్కువిస్తామని బ్యాంకు వాళ్లు క్రెడిట్ కార్డు అంటగట్టడానికి వస్తారు. నెలనెలా బాకీ మొత్తం కట్టగలిగితేనే తీసుకో. ఏడాది రుసుము ఎంతో, ఎంత ఖర్చు పెడితే అది మాఫీ అవుతుందో రాసి ఉన్న కాగితం ఫొటో తీసి నాకు పంపు, సంతకం పెట్టక ముందు.