ఆ బిడ్డకు పాలెవరు పట్టారు?

నాయనా,

నీ నవల రాత్రి రెండింటి దాకా కూర్చుని చదివాను. చదివించావు, అందులో సందేహం లేదు. కానీ చివరి కాగితం పక్కన పెట్టేసరికి నాకు కోపం వచ్చింది. అది చల్లారకముందే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

20 రోజుల పసిగుడ్డు. మొదటి పేజీలోనే ఉయ్యాల ఖాళీ అయింది. ఆ తర్వాత 240 పేజీల్లో ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, ఆస్తి గొడవ ఉంది, ఎర్ర కారు ఉంది, రెండు హత్యలున్నాయి. "వాడికి పాలెవరు పడుతున్నారో" అని మాత్రం ఒక్కళ్లూ అనలేదు. కన్నతల్లి కూడా అనలేదు! అంత చిన్నబిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. నీ కథలో పోలీసులు ఇంటికి వచ్చేసరికే ఐదు గంటలు గడిచాయి. ఆ ఐదు గంటల్లో వాడు రెండుసార్లయినా గుక్కపట్టి ఏడ్చి ఉంటాడు. నాకా ఏడుపు వినపడలేదు. ఉయ్యాల్లోంచి నగల పెట్టె పోయినా నీ కథ ఇలాగే నడిచేది. నా కోపమంతా అక్కడే.

సస్పెన్స్ ఎలా పెంచాలని అడిగావు. బిడ్డ ఆకలే నీ గడియారం. రెండు మూడు గంటలకోసారి మోగుతుంది, ఎవరు ఆపమన్నా ఆగదు. ఎత్తుకెళ్లినవాళ్లకీ మోగుతుంది. వాళ్లు పాలడబ్బా కొనాలి, నీళ్లు కాచాలి, అర్ధరాత్రి ఏడుపు పక్కింటికి వినపడకుండా చూసుకోవాలి. దొరికిపోతే అక్కడే దొరికిపోతారు. నీకు ఎర్ర కారు ఎందుకు చెప్పు?

ఇంకో గడియారం తల్లి ఒంట్లో ఉంది. మా రెండోదానికి 40 రోజులప్పుడు, మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి పక్కలో పిల్ల లేదు. మా ఆడపడుచు ఎత్తుకుని మేడ మీదకి వెళ్లిందట, నిద్రపోతున్నాను కదా అని నన్ను లేపలేదు. పావుగంట. ఆ పావుగంటలో నేనేం ఆలోచించానో, ఎవరిని పిలిచానో ఏదీ గుర్తులేదు. పైన ఎక్కడో పిల్ల ఏడ్చింది. అది మా పిల్ల ఏడుపే అని నాకు తట్టకముందే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. ఆ తడి మాత్రం ఇన్నేళ్లయినా మర్చిపోలేదు.

నీ కథలో తల్లికి అలాంటిదేమీ జరగదు. తాగే బిడ్డ లేకపోతే రొమ్ములు రాయిలా గట్టిపడతాయి, జ్వరం రావచ్చు. పిండకుండా వదిలేస్తే పాలు తగ్గుతూ తగ్గుతూ ఇంకిపోతాయి. బిడ్డ తిరిగొస్తే పాలుండాలంటే ఆమె రాత్రీ పగలూ లేచి పిండుతూనే ఉండాలి. పక్కన ఉన్నవాళ్లు "ఇంకెందుకమ్మా" అంటారు. ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసేసినా సరే, ఆమె గిన్నె పట్టుకుని కూర్చున్నంత కాలం ఆ బిడ్డ బతికున్నట్టే.

1932 మార్చి 1 రాత్రి అమెరికాలో, న్యూజెర్సీలోని ఇంట్లోంచి లిండ్‌బర్గ్ కొడుకుని ఎత్తుకెళ్లారు. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటి పారిస్‌లో విమానం దింపిన లిండ్‌బర్గే. పిల్లాడికి 20 నెలలు. కిటికీకి వేసిన నిచ్చెన గురించీ, 50 వేల డాలర్లు అడిగిన చీటీ గురించీ అందరూ రాశారు. నన్ను పట్టుకున్నది వేరే. ఎత్తుకెళ్లినవాళ్లు చూస్తారేమోనని, పిల్లాడికి ఏమేం పెట్టాలో తల్లి పత్రికల్లో వేయించింది. లేవగానే అర కప్పు నారింజ రసం, రోజుకో గుడ్డు పచ్చసొన, విటమిన్ డి మందు 14 చుక్కలు. చుక్కలతో సహా లెక్క చెప్పింది ఆ తల్లి. మే 12న శవం దొరికింది. చనిపోయి సుమారు రెండు నెలలైందన్నారు. ఆ 14 చుక్కల ముందు నీ రెండు హత్యలూ నిలబడవు.

నీ ఒక్కడి తప్పు కాదులే. పిల్లాడు తప్పిపోయే కథే నేనూ ఒకప్పుడు రాశాను. నా మొదటి సీరియల్‌కి ఒక వారపత్రిక సంపాదకుడు "ప్రతి వారం చివర శవమైనా ఉండాలి, తలుపు చప్పుడైనా ఉండాలి" అన్నాడు. అమ్మమ్మ పిల్లాడి పొత్తిగుడ్డలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టే ఘట్టం ఒకటి రాస్తే "ఇక్కడ కథ నడవట్లేదు" అని కొట్టేశాడు. సీరియల్ ఆపేస్తాడన్న భయంతో నోరు మూసుకున్నాను. 13 వారాలు, 13 తలుపు చప్పుళ్లు. అంతా అయ్యాక ఒకావిడ కార్డు రాసింది: "పిల్లాడు దొరికాడని రాశారు, ఇన్నాళ్లూ ఏం తాగి బతికాడో రాయలేదేం?" ఆ కార్డుకి జవాబు రాయలేకపోయాను. ఆ సంపాదకుడి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇప్పుడేమో చివరి పేజీలో ట్విస్ట్ లేకపోతే నవలే కాదంటున్నారు. నువ్వూ ఎత్తుకెళ్లింది పిన్ని అని ఆఖర్న తేల్చి చేతులు దులుపుకున్నావు.

మరి ఆ పిన్ని మూడు నెలలు ఆ బిడ్డని పెంచింది కదయ్యా! పాలు పట్టింది, జోకొట్టింది. మూడు నెలల్లో పసివాడి ముఖం ఎంత మారుతుందో నీకు తెలుసా? నీ కథలో తల్లి చూడగానే గుర్తుపట్టేసింది. ఒక్క క్షణం అనుమానపడనివ్వు ఆమెని. నాలుగు నెలలకి దగ్గరపడిన బిడ్డకి పెంచిన గొంతు తెలుసు, ఆ ముఖం తెలుసు. కన్నతల్లి చేతుల్లోకి తీసుకోగానే వాడు పిన్ని వైపు తిరిగి ఏడుస్తాడు. నీ నవలంతటికీ టెన్షన్ ఉన్నది అక్కడ. నువ్వేమో దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు.

పదకొండో అధ్యాయం దిద్దుకో. 20 రోజుల బిడ్డ మనిషిని చూసి నవ్వడు, దానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. 20 రోజులకి ఏడుపే ఉంటుంది, చెంపల మీద కన్నీళ్లు కారవు. గది అవతల నిలబడ్డ మనిషి ముఖమూ వాడికి కనపడదు, జానెడు దూరంలో ఉన్నదే కనపడుతుంది.

నువ్వడిగిన కలం పేరు సంగతీ, నవల ఎవరికి పంపాలన్న సంగతీ తర్వాత చూద్దాం.

ఏడో అధ్యాయంలో తల్లి నిద్రలోనే చెయ్యి చాపి ఖాళీ ఉయ్యాల తాడు లాగుతుంది చూడు, ఆ వాక్యం జోలికి మాత్రం వెళ్లకు. తిరగరాశాక మొత్తం పంపక్కర్లేదు. ఆమె పాలు పిండడం మానేసిన రోజు ఉంటుంది కదా, ముందు ఆ ఒక్క రోజు రాసి పంపు.