అమెరికా ‘సెక్రటరీ’ మంత్రా, కార్యదర్శా?

సందేహం: ఫోర్డ్ కంపెనీ నుంచి అమెరికా ప్రభుత్వంలోకి వెళ్లిన రాబర్ట్ మెక్‌నమారా జీవితం మీద వ్యాసం రాస్తూ, ‘1961లో రక్షణ కార్యదర్శిగా ఎన్నికయ్యారు’ అన్నాను. సంపాదకులు ‘కార్యదర్శి’ కొట్టేసి ‘మంత్రి’ అని దిద్దారు. అసలు మాట సెక్రటరీయే కదా, నాది తప్పెలా అవుతుంది? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: దిద్దినవారిదే ఒప్పు. నిఘంటువు మీ పక్షానే ఉంది, కాదనను. కానీ కార్యదర్శి అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది ఫైలు మీద సంతకం పెట్టే ఐఏఎస్ అధికారి, లేకపోతే పంచాయతీ కార్యదర్శి. మా అపార్ట్‌మెంట్‌కీ ఒక కార్యదర్శి ఉన్నారు, నీళ్ల ట్యాంకర్ రాకపోతే ఫోన్ చేసేది ఆయనకే. మెక్‌నమారా ఏడేళ్లకు పైగా అమెరికా రక్షణ శాఖ కేంద్రమైన పెంటగాన్‌ను నడిపిన మనిషి. వియత్నాం యుద్ధం నిర్ణయాల్లో అధ్యక్షుడి పక్కన కూర్చున్నవాడు. మన లెక్కలో అది మంత్రి పదవే.

పైగా మాట పుట్టుక చూసినా ‘మంత్రి’ దూరపు చుట్టం కాదు. సెక్రటరీలో ఉన్నది ‘సీక్రెట్’, అంటే రహస్యం తెలిసినవాడు. సంస్కృతంలో మంత్రమంటే జపించేది మాత్రమే కాదు, రహస్యాలోచన కూడా. ‘మంత్రాంగం’, ‘మంత్రభేదం’ అన్న మాటల్లో ఉన్నది ఆ అర్థమే. ఇక ‘సచివుడు’ సంగతి మరీ తమాషా. హిందీలో సచివ్ అంటే సెక్రటరీ, తెలుగులో సచివుడంటే మంత్రి. అయినా సెక్రటేరియట్‌ను మనమూ సచివాలయమనే అంటున్నాం!

‘ఎన్నికయ్యారు’ అన్నది మాత్రం నిజంగా తప్పు. అది సంపాదకుల కంట పడకపోవడం ఆశ్చర్యమే. మన దగ్గర చట్టసభ సభ్యుడు కానివారు మంత్రి అయితే ఆరు నెలల్లో సభ్యత్వం సంపాదించాలి. అమెరికాలో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లో సభ్యుడు మంత్రి కావాలంటే ఆ సభ్యత్వం వదులుకోవాలి. అందుకే అక్కడ కార్ల కంపెనీ నుంచి నేరుగా మంత్రివర్గంలోకి దారి ఉంది. మెక్‌నమారా ఫోర్డ్ ప్రెసిడెంట్ అయింది 1960 నవంబర్ 9న, జాన్ కెనడీ అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన మర్నాడు. నెల తిరిగేసరికి కెనడీ మనుషులు తలుపు తట్టారు. ముందు ఆర్థిక శాఖ ఇస్తామన్నారు, ఆయన వద్దన్నాడు. రక్షణ శాఖకూ తనకు అర్హత లేదన్నాడు. అధ్యక్షులను తయారుచేసే బడి కూడా ఎక్కడా లేదు కదా అన్నాడట కెనడీ. ఇందులో ఓటు వేసిన జనం ఎక్కడున్నారు? అధ్యక్షుడు ఎంపిక చేశాడు, కాంగ్రెస్ ఎగువసభ సెనేట్ ఆమోదించింది. కాబట్టి ‘నియమితులయ్యారు’ అనండి.

అలాగని సెక్రటరీ కనిపించిన ప్రతిచోటా మంత్రి అని పెట్టేయకండి. పెంటగాన్‌లో ఆర్మీకి, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు వేర్వేరుగా సెక్రటరీలున్నారు. వాళ్లు రక్షణ మంత్రి కింద పనిచేసేవారు, మంత్రివర్గ సభ్యులు కారు. అందరినీ మంత్రులంటే ఒకే భవనంలో నలుగురు మంత్రులు తేలతారు. వారికి కార్యదర్శి సరిపోతుంది. ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ను ‘రాష్ట్ర కార్యదర్శి’ అన్న అనువాదం ఒకటి నేనే ప్రూఫుల్లో దిద్దాను. ఆయన విదేశాంగ మంత్రి. 1858 తర్వాత లండన్ నుంచి మన దేశ వ్యవహారాలు చూసిన బ్రిటిష్ మంత్రిని (‘సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఫర్ ఇండియా’) మాత్రం మన చరిత్ర పుస్తకాలు ‘భారత రాజ్య కార్యదర్శి’ అనేశాయి. అది పాతుకుపోయింది, ఇప్పుడు పెకలించలేం.

మీ వ్యాసంలో మరో చిక్కు రాబోతోంది. మెక్‌నమారా ఫోర్డ్‌కు అధ్యక్షుడు, కెనడీ దేశాధ్యక్షుడు, 1968 నుంచి 1981 దాకా మెక్‌నమారాయే ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు. ‘అధ్యక్షుడు అధ్యక్షుణ్ణి పిలిపించాడు’ అని రాస్తే పాఠకుడు మళ్లీ మొదటి పేరాకు వెళ్లాలి. ఫోర్డ్ దగ్గర ‘కంపెనీ ప్రెసిడెంట్’ అని ఉంచేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.