అమ్మని బండి వెనక ఎక్కించుకునే ముందు

అల్లుడూ,

ఆదివారం కొత్త బండి మీద తణుకు నుంచి ద్వారకా తిరుమల తీసుకెళ్తున్నావని అక్కయ్య సంబరంగా ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచీ నా ధ్యాసంతా ఆమె చీర కొంగు మీదే ఉంది.

కొన్నేళ్ల కిందట మీ అత్త కొంగు వెనక చక్రానికి చుట్టుకుంది. నెమ్మదిగా పోతున్నాం కాబట్టి మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. బండి చూడ్డానికి బాగుంటుందని చీర గార్డు తీయించేసింది నేనే. ఆ తప్పు నువ్వు చెయ్యకు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా సగం చక్రమైనా కప్పి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. గార్డు ఉన్నా సరే, కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకోమను. బయల్దేరే ముందు నువ్వే ఒకసారి వెనక్కి తిరిగి చూడు.

అక్కయ్య ఒకపక్కకే కూర్చుంటుంది. పంజాబీ డ్రెస్ వేసుకుని రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోమని అడిగి చూడు. ఒప్పుకోకపోతే బతిమాలు. అప్పటికీ కాదంటే, బరువంతా ఎడమ పక్కనే ఉంటుందని గుర్తుపెట్టుకో. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఆమె వెనక్కి తూలుతుంది. ఒక చెయ్యి వెనక కమ్మీ మీద, ఇంకోటి నీ భుజం మీద ఉండాలి. కొబ్బరికాయల సంచీ ఆమె ఒళ్లో పెట్టావంటే పట్టుకోవడానికి చెయ్యి ఉండదు.

హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, చట్టమూ అదే చెబుతుంది. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ తలమీద సరిగా కూర్చోదు, ఆ రోజుకి జడ వేసుకోమను. గడ్డం కింద పట్టీ నువ్వే బిగించు.

నువ్వు ముందు ఎక్కి, రెండు కాళ్లూ నేలకి ఆనించి, ముందు బ్రేకు పట్టుకున్నాకే "ఎక్కమ్మా" అను. ఎడమ వైపు నుంచే ఎక్కాలి, కుడి పక్క సైలెన్సర్ కాలుతుంది. దిగేటప్పుడూ అంతే.

వెనక టైరుకి ఇద్దరికి సరిపడా గాలి కొట్టించు, ఎంతన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనక బరువు పడితే ముందు లైటు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, అందుకని చీకటి పడకముందే ఇంటికి చేరండి.

ఇద్దరున్న బండి నువ్వొక్కడివే ఉన్నప్పుడు ఆగినంత దూరంలో ఆగదు. ముందు బండికి ఎప్పుడూ ఉంచేదానికి రెట్టింపు ఎడం ఉంచు. గట్టిగా బ్రేకు వేస్తే ఆమె నీ వీపు మీదికొచ్చి పడుతుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, గింజల మీద బ్రేకు తొక్కితే చక్రం జారుతుంది, అక్కడికి చేరకముందే వేగం తగ్గించు. నీ వెనకున్న మనిషికి దారి కనపడదు కదా, గొయ్యి వచ్చినా స్పీడు బ్రేకరు వచ్చినా "గట్టిగా పట్టుకోమ్మా" అని ముందే చెప్పు.

శనివారం సాయంత్రం ఊళ్లోనే ఒక కిలోమీటరు తిప్పి చూడు. ఆమెకి భయంగా ఉంటే ఇద్దరూ బస్సెక్కండి. కొండకి చేరాక నాకు ఫోన్ చెయ్యి.

నీ మామయ్య