సన్నటి లైనులో సర్వర్ బ్యాకప్

ప్రశ్న: దూరంగా ఉన్న మా బ్రాంచి సర్వర్‌లో 200 జీబీ డేటా ఉంది. లైను 2 ఎంబీపీఎస్. రాత్రి మొదలుపెట్టిన బ్యాకప్ తెల్లారినా పూర్తి కావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు లెక్క చూడండి. 2 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 2 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 250 కిలోబైట్లు, గంటకు 0.9 జీబీ. 200 జీబీకి తొమ్మిది రోజులు దాటుతుంది. కాబట్టి మొదటి పూర్తి కాపీని ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో మనిషి చేత తెప్పించుకోండి. తర్వాత ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో మారిన భాగాలే వస్తాయి. పగలు కూడా నడవాలంటే దాని వేగానికి హద్దు పెట్టే బీడబ్ల్యూలిమిట్ ఆప్షన్‌ను 100 పెట్టండి. ఆ అంకె సెకనుకు కిలోబైట్లు, కిలోబిట్లు కాదు. ఇక్కడే పొరబడి చాలామంది లైనంతా నింపేస్తారు. లైను తెగినా వచ్చినంత ఫైలు మిగలాలంటే పార్షియల్ ఆప్షన్ తప్పనిసరి.

అసలు చిక్కు డేటాబేస్‌తోనే. నడుస్తున్న ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే ఒక్కో ముక్క ఒక్కో సమయానిది వస్తుంది, తీరా అవసరమైనప్పుడు తెరుచుకోదు. డంప్ తీయండి, అంటే డేటాబేస్ ప్రోగ్రాం చేతే డేటా మొత్తాన్ని ఒక ఫైలుగా రాయించండి. దాన్ని మామూలుగా జీజిప్ ప్రోగ్రాంతో కుదిస్తే మాత్రం, మొదట్లో ఒక్క వరుస మారినా అక్కడినుంచి ఫైలంతా మారిపోయి, దాదాపు మొత్తం మళ్లీ రావాల్సి వస్తుంది. ఆ మార్పు ఫైలంతా పాకకుండా జీజిప్‌కు ఆర్‌సింకబుల్ ఆప్షన్ ఇవ్వండి. డంప్ పేరులో తేదీ పెట్టకండి. పేరు మారితే ఆర్‌సింక్ దాన్ని కొత్త ఫైలుగానే చూస్తుంది. తేదీలవారీ కాపీలు బ్యాకప్ చేరిన చోటే దాచుకోండి.