కుక్కకు ఒంట్లో బాగోలేదని ఎలా కనిపెట్టాలి, కనిపెట్టాక ఏం చేయాలి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. కుక్కపిల్లను తెచ్చుకున్నావని, దానికి జబ్బు చేస్తే ఎలా తెలుస్తుందో రాయమని అడిగావు. కాస్త వివరంగానే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

కుక్క నొప్పిని చాలాసార్లు దాచుకుంటుంది. మూలిగేదాకా వచ్చిందంటే అప్పటికే ముదిరిందని అర్థం. అందుకని జబ్బుల పేర్లు కంఠతా పట్టడం కంటే, ఒంట్లో బాగున్నప్పుడు అది ఎలా ఉంటుందో తెలిసి ఉండటం ముఖ్యం. రోజూ ఎన్ని నీళ్ళు తాగుతుంది, ఎన్నిసార్లు దొడ్డికి వెళ్తుంది, మెట్లు ఎలా ఎక్కుతుంది అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకో. హుషారుగా ఉన్న రోజుల్లోనే దాని ఒంటి వేడి, ఊపిరి, నాడి, చిగుళ్ళ రంగు చూడటం అలవాటు చేసుకో. జబ్బు రోజున మొదటిసారి పట్టుకుంటే అదీ బెదురుతుంది, నీకూ ఏది మామూలో తెలియదు.

ఒంటి వేడిని మలద్వారంలోనే చూడాలి. డిజిటల్ థర్మామీటరు కొనకు వాజలైన్ రాసి, తోక ఎత్తి, కుక్క సైజును బట్టి అర అంగుళం నుంచి అంగుళం దాకా మెల్లగా పోనివ్వు. ఒకరు తల దగ్గర పట్టుకుని కబుర్లు చెబుతూ ఉంటే పని తేలికవుతుంది. 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి మామూలే, మన కొలతతో చూసి కంగారుపడకు. కదలకుండా పడుకున్న కుక్కకు 103 దాటితే జ్వరం కింద లెక్క. 104 అయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. 99 కంటే తగ్గినా అంతే ప్రమాదం. ముక్కు పొడిబారితే జ్వరమనే మాట నమ్మకు, నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగా ఉండటం మామూలే.

ఊపిరి నిద్రలో ఉన్నప్పుడు లెక్కపెట్టు. ఛాతీ లేచి దిగితే ఒకటి. నిమిషానికి 30 లోపు ఉండాలి. చల్లని చోట గాఢనిద్రలో కూడా పదేపదే 30 దాటుతుంటే గుండెనో ఊపిరితిత్తులనో అనుమానించాలి. నాడి వెనక తొడ లోపలివైపు, గజ్జ దగ్గర దొరుకుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయి. పెద్ద జాతులకు సుమారు 60 నుంచి 100, చిన్నవాటికి 140 దాకా ఉంటుంది.

అన్నిటికంటే త్వరగా కబురు చెప్పేవి చిగుళ్ళు. పై పెదవి ఎత్తి చూడు. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కితే ఆ చోటు తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. పాలిపోయి ఉంటే లోపల నెత్తురు పోతోందనో, రక్తం తగ్గిందనో, షాక్‌లోకి (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి) వెళ్తోందనో అర్థం. నీలంగా మారితే ఊపిరి అందడం లేదు. పసుపు రంగు కామెర్లకు గుర్తు. ఎండలో తిరిగి వచ్చాక ముదురు ఎరుపు కనిపిస్తే వడదెబ్బ అనుకోవాలి. వేలికి జిగటగా, పొడిగా తగిలితే ఒంట్లో నీరు తగ్గింది. కొన్ని కుక్కలకు చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లాగి లోపలి పొర చూడాలి. ఈ తేడాల్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఇక నీకు ఎక్కువగా ఎదురయ్యేది వాంతులు, విరేచనాలు. ముందు అది వాంతో కాదో చూడు. పొట్ట ఎగదన్నుతూ కష్టపడి కక్కితే వాంతి. ఏ ప్రయాసా లేకుండా, తిన్నది తిన్నట్టే జారి పడితే లోపం అన్నవాహికలో ఉండొచ్చు. డాక్టరుకు ఈ తేడా చెబితే సగం వెతుకులాట తగ్గుతుంది.

ఎదిగిన కుక్క ఒకటి రెండుసార్లు కక్కి, హుషారుగానే ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. ఆరు నుంచి పన్నెండు గంటలు తిండి ఆపు. నీళ్ళు మాత్రం ఆపకు, కొద్దికొద్దిగా తరచూ పెట్టు. గిన్నెడు ఒక్కసారే తాగనిస్తే పొట్ట ఉబ్బి మళ్ళీ కక్కుతుంది. తరవాత మెత్తగా ఉడికించిన అన్నం రెండు పాళ్ళు, చర్మం ఎముకలు లేకుండా ఉడికించిన కోడిమాంసం ఒక పాలు, ఉప్పు నూనె లేకుండా కలిపి, రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టు. రెండు మూడు రోజులయ్యాక మెల్లగా పాత తిండిలోకి మార్చు.

నీ కుక్కపిల్లకు ఇది వర్తించదు. పిల్లల్ని పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోయి కూలబడతాయి. పిల్ల కక్కుతూ, కంపుకొట్టే నీళ్ళ విరేచనాలు, అందులో నెత్తురు కనిపిస్తే పార్వో అనే వైరస్ జబ్బు అనుకుని వెంటనే డాక్టరు దగ్గరికి బయలుదేరు. పార్వోలో పిల్ల ఎక్కువగా నీరు పోవడం వల్ల, పేగు నుంచి సూక్ష్మక్రిములు నెత్తురులోకి చేరడం వల్ల చనిపోతుంది. సెలైన్ ఎంత త్వరగా ఎక్కితే బతికే అవకాశం అంత ఎక్కువ. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మలం పూర్తిగా తీసేసి, బ్లీచ్ ఒక పాలుకు నీళ్ళు 30 పాళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. ఒక డోసు వేయించి చాలనుకునే ఇళ్ళలోనే పిల్లలు పోతుంటాయి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఉన్నప్పుడు వేసిన టీకా సరిగా పట్టదు, అందుకే అన్నిసార్లు.

విరేచనం తారులా నల్లగా ఉన్నా, నీళ్ళు తాగినా కక్కేస్తున్నా, ఎదిగిన కుక్కనైనా ఇంట్లో ఉంచకు. పెద్ద జాతి, లోతైన ఛాతీ ఉన్న కుక్క కక్కబోయి ఏమీ రాక, చొంగ కారుస్తూ, పొట్ట ఉబ్బి, కుదురుగా పడుకోలేకపోతుంటే పొట్ట మెలిపడి ఉండొచ్చు. అది గంటల్లో ప్రాణం తీస్తుంది, దారి ఆపరేషన్ ఒక్కటే. గ్యాసు మందు పోసి చూద్దామని కూర్చోవద్దు.

కన్ను సంగతి గట్టిగా చెబుతున్నాను. కుక్క ఒక కన్ను చికిలిస్తోందంటే నొప్పి ఉన్నట్టే. ఇంట్లో మిగిలిన చుక్కలు ఎప్పుడూ వేయకు. వాటిలో స్టెరాయిడ్ ఉండి, నల్లగుడ్డు మీద పుండు ఉంటే, ఆ పుండు లోతై కన్ను చిల్లుపడొచ్చు. డాక్టరు ఫ్లోరెసీన్ అనే రంగు చుక్క వేసి చూస్తారు, పుండున్నచోట అది ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ పరీక్ష అయ్యాకే ఏ చుక్కలు వేయాలో తేలుతుంది. అక్కడికి చేరేలోపు గోకకుండా మెడకు కోన్ (గరాటులాంటి పట్టీ) కట్టు.

చెవి విదిలిస్తూ ఉంటే వాసన చూడు. పుల్లటి కంపు, గోధుమరంగు జిడ్డు ఉంటే ఈస్ట్ అనే బూజులాంటి క్రిమి చేరి ఉండొచ్చు. కాఫీపొడి లాంటి నల్లటి చెత్త ఉంటే చెవిపురుగులు కావచ్చు. దూదిపుల్ల లోపల పెడితే మురికి ఇంకా లోతుకు పోతుంది. తల ఒక పక్కకు వాలిపోతుంటే మందేదీ పోయకు, కర్ణభేరి దెబ్బతిని ఉండొచ్చు.

గోమార్లను, కొందరు పిడుదులంటారు, వారానికోసారి కాదు, రోజూ వెతకాలి: చెవి లోపల, మెడపట్టీ కింద, వేళ్ళ సందుల్లో, తోక కింద. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగు. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేస్తే పురుగు తన లాలాజలాన్ని గాయంలోకి వదిలే ప్రమాదం ఉంది. ఆ తరవాతి వారాల్లో జ్వరం, పాలిపోయిన చిగుళ్ళు, ముక్కులోంచి నెత్తురు, ముదురురంగు మూత్రం వస్తే గోమారి జ్వరం అనుమానించి రక్తపరీక్ష చేయించు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే జాగ్రత్త, గోమార్లు పోవడానికి కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి విషం.

పిర్రలు నేలకు రాసుకుంటూ ఈడ్చుకుంటే అందరూ నట్టలంటారు. చాలాసార్లు మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండటమే కారణం, డాక్టరు నొక్కి తీస్తారు. నట్టల మందు పిల్లలకు రెండు వారాల వయసు నుంచే మొదలవుతుంది. మోతాదు బరువును బట్టి, కాబట్టి ప్రతిసారీ తూకం వేయి.

మన మందులడబ్బాలోది ఏదీ దానికి వేయకు. నొప్పులకు మనం వేసుకునే ఐబుప్రొఫెన్ పొట్టలో పుండ్లు చేసి కిడ్నీలను పాడుచేస్తుంది. పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం అరగంటలో రక్తంలో చక్కెరను పడగొట్టగలదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా దూరంగా ఉంచు. ఏదైనా తిన్నదంటే ఉప్పునీళ్ళు పోసి కక్కించకు, ఆ ఉప్పే విషమవుతుంది. ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు అన్నది రాసుకుని, కవరు పట్టుకుని వెళ్ళు. నెత్తురు గడ్డకట్టకుండా చేసే ఎలుకల మందు మరీ మోసం. మూడు నాలుగు రోజులు బాగానే ఉండి, ఆ తరవాత లోపల నెత్తురు కారడం మొదలవుతుంది. బాగుంది కదా అని ఆగకుండా తిన్నరోజే తీసుకెళ్తే విటమిన్ కె1తో కాపాడవచ్చు.

మూర్ఛ వస్తే నోట్లో చెంచా, వేలు పెట్టకు, నాలుక మింగదు. పక్కనున్న కుర్చీలు జరిపి, గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటినా, ఒక్క రోజులో రెండోసారి వచ్చినా అత్యవసరమే. వడదెబ్బకు మంచునీళ్ళు వద్దు, మామూలు చల్లనీళ్ళతో ఒళ్ళంతా తడిపి ఫ్యాన్ పెట్టు. వేడి 103కి దిగగానే తడపడం ఆపి డాక్టరు దగ్గరికి బయలుదేరు, తేరుకున్నట్టు కనిపించినా సరే.

నీది ఆడపిల్ల కాబట్టి ఇదొకటి గుర్తుంచుకో. ఎదకు వచ్చి వెళ్ళిన తరవాత ఒకటి రెండు నెలల్లో నీరసంగా ఉండి, నీళ్ళు విపరీతంగా తాగితే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. చీము బయటికి కారకపోతే ఇంకా ప్రమాదం. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే ఏ వయసులోనైనా, మగదైనా పరీక్ష చేయించాల్సిందే. షుగర్, కిడ్నీ జబ్బు కూడా అలాగే బయటపడతాయి. గిన్నెలో నీళ్ళు కొలిచి పోయమని చెప్పేది అందుకే.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం, తాజా మలం కొద్దిగా డబ్బాలో, దగ్గుకో కుంటుకో తీసిన వీడియో పట్టుకెళ్ళు. అక్కడికి వెళ్ళాక భయంతో అది కుంటడం మానేస్తుంది. నొప్పిలో ఉన్న కుక్క నిన్నైనా కరుస్తుంది, మూతికి మెత్తటి గుడ్డ చుట్టి ఎత్తుకో. కక్కుతున్నప్పుడు, ఊపిరాడనప్పుడు మాత్రం మూతి కట్టకూడదు.

పిల్ల వయసు, బరువు, ఇప్పటిదాకా వేయించిన టీకాల తేదీలు నాకు రాసి పంపు. మిగిలినవి ఎప్పుడెప్పుడు వేయించాలో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న