అందులో స్ప్రింగు లేదు బాబూ

బాబూ,

ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమేనా అని చూసుకోడానికి మళ్లీ చదివాను. న్యాయమే.

ముందు బండి సంగతి. తండ్రి తన పాత ఆర్‌ఎక్స్ 100 ముందు చక్రం కాలిపర్ విప్పాడని రాశావు. కాలిపర్ ఉండేది డిస్కు బ్రేకుకి, ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టేది అదే. ఆ బండికి కంపెనీ ఇచ్చింది ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. కాలిపర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? తర్వాత ఎవరైనా డిస్కు బిగించారా? బిగిస్తే అదే ఒక కథ, నువ్వు చెప్పలేదు. ఆ పేరు వినగానే పాఠకుడు కరిగిపోతాడని పెట్టావు, అంతేగా? ఈమధ్య ఏ కథ తెరిచినా ఒక ఆర్‌ఎక్స్ 100, ఒక పాత రేడియో, ఒక వేపచెట్టు. విసుగొచ్చింది నాకు. 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్ పెట్టుకో. ముందు డిస్కు ఉంటుంది, బండికి పాతికేళ్లూ దాటాయి.

ఇక ఆ వాక్యం: "స్ప్రింగు పిస్టన్‌ను వెనక్కి లాగింది." అందులో స్ప్రింగు లేదు బాబూ. లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్ కాలిపర్ లోపలి పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ చుట్టూ గాడిలో రబ్బరు సీలు ఒకటి కూర్చుని ఉంటుంది. అది కూడా పిస్టన్‌తో పాటు కాస్త ముందుకు వంగుతుంది. లివర్ వదలగానే తన ఆకారానికి తాను వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాక్కొస్తుంది. చక్రం తిరగడానికి ఆ వెంట్రుకవాసి చాలు. సీలు గట్టిపడినా, దాని వెనక గాడిలో తెల్లటి చిలుము పేరుకున్నా, పిస్టన్ బిగుసుకుపోతుంది, ప్యాడ్లు డిస్కును వదలవు. నీ కథలో తండ్రి పాత సీళ్లు పీకి కొత్తవి నొక్కి లేచిపోయాడు. గాడి గోకలేదు. ఆ బ్రేకు మళ్లీ పట్టేస్తుంది. ముప్పై ఏళ్ల మెకానిక్ అన్నావు ఆయన్ని!

ఇంత వివరం కథకెందుకు అంటావేమో. ఒక సంపాదకుడు నన్ను అచ్చం ఇలాగే అడిగి, నా కథలో "పన్నెండో నంబరు పానా" కొట్టేసి "పనిముట్టు" అని వేశాడు. ఆ పనిముట్టు ఇప్పటికీ నాకు పంటికింద రాయే. ఇంకొకాయన కొసమెరుపు లేదని కథ తిప్పి పంపాడు. నేను పెట్టిన తిరుగు స్టాంపులు ఏమయ్యాయో, పోస్టు ఖర్చు మళ్లీ నేనే కట్టాను. నీ కథ చివర "జీవితానికి కూడా బ్రేకులు కావాలి నాన్నా" అనే డైలాగు చూడగానే ఆయనే గుర్తొచ్చాడు. ఆయనైతే దాన్ని పెద్దక్షరాల్లో వేసేవాడు. నువ్వు కొట్టెయ్. బ్రేకును బ్రేకుగా ఉండనివ్వు. పని గురించి రాస్తే కథలో పని జరగాలి. చేతులు ఏం చేశాయో నువ్వు రాయి, మనసు సంగతి చదివేవాడు చూసుకుంటాడు.

నాకిది ఎలా తెలుసంటే, నాదీ డిస్కు బ్రేకు బండే. ఓ వానాకాలం ముందు చక్రం పట్టేస్తే, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తోసుకెళ్లాను. కథకి పనికొస్తుందని పక్కనే కూర్చుని నేనూ చెయ్యి పెట్టాను. మెకానిక్ టీకి వెళ్లిన సమయంలో కొత్త సీళ్లు శుభ్రంగా ఉండాలని పెట్రోల్లో కడిగేశాను. ఆయనొచ్చి ఒక్క మాట అనలేదు. కడిగిన సీలు, కిట్‌లో మిగిలిన సీలు నా అరచేతిలో పక్కపక్కన పెట్టాడు. నాది ఉబ్బిపోయి ఉంది. ఇంకో కిట్ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను. అప్పుడు రాస్తున్న కథ కూడా చించేశాను, అందులో మెకానిక్ తెగ మాట్లాడతాడు.

నీ కథలో నన్ను పట్టుకున్నది ఒకే ఒక్క వాక్యం: "తర్వాత ఇద్దరూ కలిసి ఎయిర్ తీశారు." అయ్యో, నీ కథంతా అక్కడుంది కదయ్యా! రెండేళ్లుగా మాటల్లేని తండ్రీకొడుకులని నువ్వే రాశావు. ఎయిర్ తీయడం, అంటే బ్రేక్ ఆయిల్లో చిక్కిన గాలిని బయటికి పంపడం, ఎలా ఉంటుందో చూశావా? ఒకడు లివర్ నొక్కి పట్టుకోవాలి. రెండోవాడు కింద కాలిపర్ మీదుండే చిన్న మర, నిపుల్ అంటారు, దాన్ని కాస్త తిప్పాలి. గొట్టంలో బుడగలు వస్తాయి. నిపుల్ మూసేదాకా పైవాడు లివర్ వదలకూడదు, వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. అంటే మాట్లాడుకోక తప్పదు. "పట్టు." "పట్టాను." "వదులు." మళ్లీ "పట్టు." మొదట్లో లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, పోనుపోనూ వేళ్ల కింద గట్టిపడుతుంది. వాళ్ల గొడవేమిటో ఎత్తకుండా ఆ మూడు మాటలతో రెండు పేజీలు నడపొచ్చు. లివర్ దగ్గర ఎవరుండాలో నువ్వే తేల్చుకో. నేనైతే తండ్రిని పెడతాను. కింద కూర్చుని ఉత్తర్వులిచ్చేది కొడుకు.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు బాగుందా, పోటీకి పనికొస్తుందా అని అడిగావు. ముందు ఆ రెండు పేజీలు రాసి పంపు.

ఇంకోటి మర్చిపోయాను. మూడో పేజీలో కొడుకు మూత తీసిన బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చి ట్యాంకు మీద పెట్టాడు. అది ఒలికితే పెయింటు లేచిపోతుంది. తీసి కింద పెట్టించు.